మూడో గేరు చప్పుడు

"మీ మామను అడుగు, బండి తాళం యాడ పెట్టిండో," అన్నాడు శ్రవణ్, భార్య వెన్నెలతో.

ఆ మామ, అంటే శ్రవణ్ కన్నతండ్రి అంజిలయ్య, చెయ్యి చాస్తే అందేంత దూరంలో అరుగు మీద కూర్చుని సాసర్లో చాయ్ పోసుకుంటున్నాడు.

"మీ ఆయనకు చెప్పు," అన్నాడు సాసర్ వైపే చూస్తూ. "తాళం నా జేబుల ఉన్నది. నాలుగు గంటల దాంక నా జేబులనే ఉంటది."

వెన్నెల ఎవరికీ ఏమీ చెప్పలేదు. సురంగల్‌లోని ఆ ఇంట్లో మూడు రోజులుగా తండ్రీకొడుకుల మాటలన్నీ కోడలి మీదుగా ప్రయాణం చేస్తున్నాయి. మొదటి రోజు పాపం ఆమె నిజంగానే ఇటు మాట అటు చేరవేసింది. ఇప్పుడు ఊరికే మధ్యలో నిలబడితే చాలు, పని అయిపోతోంది.

"నాలుగు గంటలకు మెహదీపట్నం బండ్ల మనిషి వస్తడు. పాత బండి తీస్కపోతడు, ఇండికా కాయితాలు నా చేతుల పెడ్తడు. ఆ సంగతి గూడ చెప్పు."

"రానీ. కూసోబెట్టి చాయ్ పొయ్యి. ఖాళీ చేతులతోటి పోతడు. అది గూడ చెప్పు."

వంటింట్లోంచి అత్త ఎంకమ్మ వచ్చింది. ఆమె చేతిలో అట్లకాడ చూసి ఇద్దరూ కాస్త సర్దుకున్నారు.

"నిన్న నేనేం చెప్పిన? నాలుగు గంటల లోపట సప్పుడు యాడిదో దొర్కితె బండి ఇంట్ల ఉంటది. దొర్కకపోతె పోతది. ఇద్దరు ఊ కొట్టిన్రా లేదా?"

తండ్రి గోడ వైపు చూశాడు, కొడుకు గేటు వైపు చూశాడు.

"ఊ కొట్టిన్రు. అయితె ఇగ నోర్లు మూస్కొని సప్పుడు ఎతుక్కోండ్రి. నా చెవులు గడియలు పడ్డయి మీ ఇద్దరితోటి."

చప్పుడు సంగతి ఊరంతటికీ తెలుసు. మూడో గేరులో బండి ముప్పై అయిదు దాటగానే కాళ్ల కిందినుంచి గలగలా మొదలవుతుంది. రేకు డబ్బాలో చింతగింజలు పోసి ఆడించినట్లు ఉంటుంది. శ్రవణ్ నడిపితే వస్తుంది. వెన్నెల నడిపితే వస్తుంది. మొయినాబాద్ మెకానిక్ కుర్మయ్య నడిపినా వస్తుంది. అంజిలయ్య నడిపితే మాత్రం రాదు.

గొడవంతా అక్కడే ఉంది. బండికి రోగం లేదు, మీ చేతులకే ఉంది అంటాడు తండ్రి. బండికీ ఉంది, నీ చెవులకూ ఉంది అన్నాడు సోమవారం నాడు కొడుకు. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. అప్పటినుంచే మాటలు ఆగిపోయాయి.

శ్రవణ్‌ను తప్పుపట్టలేం. గచ్చిబౌలి దిక్కు రోజుకొక కంపెనీ లేస్తోంది. ఒక్కో కంపెనీకి వందల క్యాబులు కావాలి. ఇంకొకరి ఇండికాలో సాఫ్ట్‌వేర్ పిల్లల్ని ఇంటికీ ఆఫీసుకూ తిప్పి తిప్పి అతనికి విసుగెత్తింది. సొంత బండి కావాలి. వాకిట్లో చూస్తే డెబ్భై ఆరు మోడల్ అంబాసిడర్, దానికొక పేరు తెలియని రోగం. గేర్‌బాక్సు పోయిందేమో, పోతే ఆ సామాను ఎక్కడ దొరుకుతుందో దేవుడికెరుక అని కుర్మయ్య కూడా చేతులెత్తేశాడు.

అంజిలయ్యనూ తప్పుపట్టలేం. చేవెళ్లలో ఒక డాక్టరుగారి దగ్గర ఇరవై రెండేళ్లు ఆ బండి నడిపాడు. ప్రాక్టీసు మానుకున్న రోజు డాక్టరుగారు "ఇది నీ మాటే వింటుందయ్యా" అని తాళం ఆయన చేతిలో పెట్టారు. కాన్పులకు, పెళ్లిళ్లకు, పరీక్షలకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరూ ఆ బండి ఎక్కినవాళ్లే. బండి వాకిట్లో ఉన్నంతకాలం ఆయన డ్రైవర్ అంజిలయ్య. అది పోయిన మర్నాడు అరుగు మీద కూర్చునే ఒక ముసలాయన. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు కానీ వెన్నెలకు తెలుసు.

పదింటికి కుర్మయ్య మోపెడ్ గేటు ముందు ఆగింది. వెనకే భావనారాయణగారి తెల్ల కారు వచ్చింది.

భావనారాయణగారు భీమవరం నుంచి వచ్చి పదేళ్లయింది. గండిపేట దగ్గర గేటెడ్ కాలనీలో ఇల్లు, కనకమామిడిలో ఫాంహౌసు. ఆదివారం ఆ ఫాంహౌసులోనే వాళ్లబ్బాయి అద్వైత్ పెళ్లి విందు. కొత్త జంటను అక్కడికి ఈ అంబాసిడర్‌లోనే, ఈ అంజిలయ్య చేతిమీదుగానే తేవాలని ఆయన పట్టు.

"మా అమ్మగారు కాపరానికి వచ్చింది ఇలాంటి కార్లోనేనండీ," అన్నారు దిగుతూనే. "కానీ నలుగురూ చూస్తుండగా ఆ గలగలతో కోడలు దిగితే బాగుండదు కదా. అందుకే మావాడు ఆఫీసులో నెట్ చూసి, ఇదిగో, పన్నెండు కాగితాలు అచ్చు తీసిచ్చాడు. పాత కార్లలో ఎన్ని రకాల చప్పుళ్లు వస్తాయో అన్నీ ఇందులో ఉన్నాయి."

"దాంట్ల మన బండి పేరు ఉన్నదా సారు?" అన్నాడు కుర్మయ్య.

"లేదనుకోండి."

"అయితె ఏం లాభం?"

భావనారాయణగారు నొచ్చుకుని ఆ కాగితాలు వెన్నెలకిచ్చారు. చేవెళ్లలో డిగ్రీ చదివిన పిల్ల కనక ఆమె ఒక్కతే వాటిని మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది.

బండి ఎక్కేముందు అందరూ చెప్పులు విడవాలి. అది అంజిలయ్య ఆన. ఇంట్లోకి చెప్పులతో పోతామా, బండిలోకి ఎందుకు పోవాలి అంటాడు. డాక్టరుగారు కూడా బూట్లు విప్పి ఎక్కేవారట. భావనారాయణగారు ఒంటికాలి మీద నిలబడి సాక్సులు లాక్కుంటుంటే అంజిలయ్య వంగి తన ఎడమకాలి చెప్పు విప్పుకున్నాడు. విప్పడమే మరి, దానికి వెనకనుంచి సైకిల్ ట్యూబు ముక్క కట్టి ఉంది.

"ఇదేందన్నా, చెప్పుకు బెల్టు కట్టినవు?" అన్నాడు కుర్మయ్య.

"కట్టకుంటె ఏం జేస్తడు?" ఎంకమ్మ అందుకుంది. "ఈ ఏడు మూడు జతలు కొన్న. మూడింటివి కుడిచెప్పులు ఇంట్లనే ఉన్నయి. ఎడమవి ఒకటి మొయినాబాద్ల చాయ్ హోటల్ కాడ, ఒకటి పొలంల, ఒకటి యాడ పోయిందో ఆయనకే తెల్వదు. చెప్పు జారిన సంగతి గూడ తెల్వకుంట నడుస్తడు, అంత దర్జ."

అందరూ నవ్వారు. అంజిలయ్య కూడా నవ్వాడు.

ముందు శ్రవణ్ నడిపాడు. కుర్మయ్య ముందు సీటు కింద చెవి పెట్టాడు. ఊరు దాటి, టమాటాలు ఏరుతున్న ఆడవాళ్ల పక్కనుంచి, గులాబీ తోట మలుపు దగ్గర మూడో గేరు పడింది.

గలగలగల.

"వచ్చింది," అన్నారు భావనారాయణగారు గడియారం చూసుకుంటూ. గడియారంతో పనేమిటో ఎవరూ అడగలేదు.

తరువాత అంజిలయ్య కూర్చున్నాడు. సీటు దులుపుకుని, అద్దం సర్దుకుని, స్టీరింగ్ పక్కనున్న గేరు కడ్డీని వేలితో అలా అన్నాడు. అదే రోడ్డు, అదే మలుపు, అదే మూడో గేరు. బండి వెన్నలా పోయింది. ముప్పై అయిదు, నలభై, నలభై అయిదు. ఏమీ లేదు.

"సప్పుడేదయ్యా?" అన్నాడు అంజిలయ్య గాలితో మాట్లాడినట్లు. కొడుకుతో మాట్లాడటం లేదు కదా.

కుర్మయ్య నడిపాడు. వచ్చింది. వెన్నెల నడిపింది. వచ్చింది. మళ్లీ అంజిలయ్య. మాయం.

ఇక అందరికీ పట్టుదల వచ్చేసింది. బరువులో ఉంది కిటుకు అన్నారు భావనారాయణగారు. అంజిలయ్యను పక్క సీట్లో కూర్చోబెట్టి శ్రవణ్ నడిపితే చప్పుడు వచ్చింది. వెనక సీట్లో కూర్చోబెడితే మరింత బాగా వచ్చింది. డిక్కీలో బియ్యం బస్తా వేశారు, తీశారు. కుర్మయ్య పైపు క్లాంపులన్నీ బిగించాడు. అప్పటికే వారం కింద మార్చిన, వెనక చక్రాలకు పోయే కడ్డీ క్రాసు మళ్లీ చూశాడు. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని, "ముప్పై ఏండ్ల సంది పానా పట్టిన. మనిషిని చూసి సప్పుడు చేసే బండిని ఇప్పుడే చూస్తున్న," అన్నాడు.

టమాటాలు ఏరే ఆడవాళ్లు పని మానేసి లెక్క పెడుతున్నారు.

"ఎనిమిదోసారి పోతున్నరు," అంది ఒకామె గట్టిగా. "ఎవ్వల్నన్న ఎతుకుతున్నరా అంజిలన్నా?"

"సప్పుడును ఎతుకుతున్నం."

"దొర్కితె మాకు గూడ చూపియ్యి."

ఇంటికొచ్చేసరికి ఎంకమ్మ నిమ్మకాయలు, ఎండు మిరపకాయలు సిద్ధం చేసుకుని ఉంది. బండికి తెలుస్తుంది ఎవరి చెయ్యో, పరాయి చెయ్యి పడితే ఏడుస్తుంది అని తేల్చేసి, నాలుగు చక్రాలకూ దిష్టి తీసింది. భావనారాయణగారు కళ్లు మూసుకుని దండం పెట్టారు. తీసిన వెంటనే శ్రవణ్ నడిపి చూశాడు. గలగల అలాగే ఉంది. కొంచెం పెరిగిందని కూడా కుర్మయ్యకు అనుమానం వచ్చింది కానీ ఎంకమ్మ ముందు అనలేదు.

అప్పటికి మూడు అయింది. శ్రవణ్ సెల్లు మోగింది.

"ఆ అన్నా... టోలిచౌకి దాటిన్రా... రాండ్రి, రాండ్రి," అన్నాడు. ఆ మాటకు అతని మొహంలో సంతోషం ఉండాలి. లేదు. పొద్దుటినుంచి తిరిగి తిరిగి అతనికీ ఆ చప్పుడు దొరకాలనే ఉంది. పంతంకొద్దీ ఒప్పుకోడు, అంతే.

వెన్నెల తొమ్మిదో కాగితం మీద ఆగింది. ఒకే ఒక్క చిన్న ప్రశ్న ఉంది అక్కడ. క్లచ్ మీద కాలు పెడితే చప్పుడు మారుతోందా?

ఆమెకు నవ్వొచ్చింది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమెకు ఈ బండి నేర్పింది మామే. మొదటి పాఠం అదే. గేరు పడినంక కాలు పక్కకు తియ్యాలె బిడ్డా, క్లచ్ మీద కాలు పెట్టి పండుకునేటోడు డ్రైవర్ కాదు. రెండుసార్లు మరిచిపోతే మోకాలి మీద చిన్నగా కొట్టాడు కూడా. ఈ ఇంట్లో అందరి కాళ్లూ పక్కనే ఉంటాయి. అయినా అందరికీ ఒకటే అయినప్పుడు ఆయనకొక్కడికే ఎందుకు రాదు?

"మామా, ఇంకొక్కసారి పోదాం. నువ్వు నడుపు. నేను కింద కూసుంట."

"కింద అంటె?"

"కాళ్ల కాడ. డాష్‌బోర్డు కింద."

శ్రవణ్, కుర్మయ్య ముందుగా మోపెడ్ మీద పోయి గులాబీ తోట మలుపు దగ్గర నిలబడ్డారు, బయటినుంచి వింటామని. భావనారాయణగారు వాళ్ల వెనక తన కారులో పోయారు. హడావిడిలో వాకిట్లో విడిచిన చెప్పులు ఎవరూ తొడుక్కోలేదు. బండిలో మామ, కోడలు మాత్రమే మిగిలారు. వెన్నెల పక్క సీటు ముందు మ్యాట్ మీద ఒదిగి కూర్చుని, సెల్లు టార్చి వేసి తల లోపలికి దూర్చింది.

బండి కదిలింది. ఒకటో గేరు, ఆయన ఎడమకాలు క్లచ్ తొక్కింది, వదిలింది. రెండు. తొక్కింది, వదిలింది. మూడు. తొక్కింది, వదిలింది. కానీ ఈసారీ, అంతకుముందూ కూడా, కాలు పక్కకు జరగలేదు. పెడల్ మీదే నిలిచిపోయింది. బరువు వేయకుండా, తలగడ మీద చెయ్యి పెట్టుకున్నట్లు ఊరికే ఆనుకుని ఉంది.

దొరికింది.

"మామా, దొర్కింది. క్లచ్ మీద నుంచి కాలు తియ్యి."

"తీసిందే గదా బిడ్డా."

"తియ్యలే. పెడల్ మీదనే ఉన్నది."

"నీకు చీకట్ల కనవడ్తలేదు. కింద మ్యాట్ మీద ఉన్నది నా కాలు."

పరాచికం అనుకుంది. పట్టుబడిన దొంగ బుకాయిస్తున్నాడనుకుని నవ్వుతూ ఆయన బొటనవేలు మీద వేలితో కొట్టింది. కాలు కదల్లేదు. గిల్లింది. రోడ్డు వైపు చూస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు, అది ఆగలేదు. గోరు గుచ్చి గట్టిగా గిల్లింది. చర్మం మీద తెల్లగా అచ్చు పడింది. రాగం మాత్రం సాగుతూనే ఉంది.

వెన్నెల నవ్వు అక్కడే ఆగింది.

మెల్లగా మడమ కింద చెయ్యి పెట్టి ఆ కాలిని రెండు వేళ్ల ఎత్తు పైకి లేపింది.

గలగలగలగల.

బయట రోడ్డు పక్కనుంచి శ్రవణ్ కేక వినిపించింది. "వచ్చింది రో. బాపు నడిపితె గూడ వచ్చింది."

"ఇదేంది?" అంటూ అంజిలయ్య బ్రేకు తొక్కాడు. క్లచ్ కూడా తొక్కాననే అనుకున్నాడు. కాలు కోడలి చేతిలో ఉంది. బండి రెండు కుదుపులు కుదిపి, గుర్రుమని చచ్చిపోయింది. ఆయన చేతిలో ఆ బండి అలా ఆగిపోవడం అదే మొదటిసారి.

వంగి చూశాడు. తన కాలు, దాని కింద కోడలి చెయ్యి, టార్చి వెలుగు.

"ఎన్ని దినాల సంది మామా?"

"తిమ్మిరి. ఎక్కువసేపు కూసుంటె ఎక్కుతది. నడిస్తె పోతది."

"గిల్లిన. రెండుసార్లు."

అంజిలయ్య స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి తుడిచాడు, అక్కడ దుమ్మేమీ లేదు.

"షుగర్ గోళీలు తెచ్చుకున్నప్పుడు చేవెళ్ల దవాఖానల చెప్పిన. దసరాకు ముంగట సూదులు గుచ్చినట్టు మంట ఉండె, రాత్రిళ్లు నిద్ర ఉండకపోతుండె. ఇప్పుడు ఆ మంట గూడ లేదు. మంచిగైపోయిందని గోళీలు గూడ బంద్ చేసిన."

మంచిగైపోయింది అనుకున్నాడు. నొప్పి పోవడం ఎక్కడైనా చెడ్డ సంగతవుతుందని ఏ మనిషి అనుకుంటాడు? వెన్నెలకు ఏడుపొచ్చింది. మూడు కుడిచెప్పులు కళ్ల ముందు కదిలాయి.

"బిడ్డా," అన్నాడు గొంతు తగ్గించి. వాళ్లు పరుగెత్తుకు వస్తున్న చప్పుడు దగ్గరవుతోంది. "ఇంట్ల చెప్పకు. ఆదివారం దాంక. సారుకు మాటిచ్చిన."

ఆమె జవాబు చెప్పేలోగా తలుపు తెరుచుకుంది. ఆమె చేసింది ఒక్కటే, చెయ్యి చాచి తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఏం జేసినవే? ఎట్ల వచ్చింది?" శ్రవణ్ రొప్పుతున్నాడు.

"క్లచ్," అంది వెన్నెల. "క్లచ్ మీద కాలు ఆనితె సప్పుడు ఉండదు. తీస్తె వస్తది."

ఆ మాట పూర్తి కాకుండానే కుర్మయ్య నుదురు కొట్టుకున్నాడు. అంజిలయ్యను దింపి, తాళం అడిగి తీసుకుని తనే నడిపాడు. మోపెడ్, తెల్ల కారు అక్కడే వదిలి అందరూ ఎక్కారు. మూడో గేరులో కాలు ఊరికే ఆనించాడు, నిశ్శబ్దం. తీశాడు, గలగల. ఆనించాడు, తీశాడు. ఒక పక్క భావనారాయణగారు, ఇంకో పక్క శ్రవణ్, చిన్నపిల్లల్లా "ఇప్పుడు, ఇప్పుడు" అంటున్నారు.

"గేర్‌బాక్సు లోపల ఏం గాలె," అన్నాడు కుర్మయ్య. ఆ మొహం వెలిగిపోతోంది. "క్లచ్ బేరింగు అరిగింది, దాన్ని నెట్టే ఫోర్కు వదులైంది. వేగం మీద గిలక లెక్క కొట్టుకుంటున్నది. కాలు ఆనితె వదులు పట్టుకుంటది, సప్పుడు పోతది. సామాను పుత్లీబౌలిల దొర్కుతది. రేపొక్క దినం నాకియ్యి, గేర్‌బాక్సు దించి, మార్చి ఎక్కిస్త."

"అంటే డిఫరెన్షియల్ కాదన్నమాట," అన్నారు భావనారాయణగారు. పొద్దుటినుంచి ఆయన అనుమానం వెనక చక్రాల మధ్యనుండే ఆ డబ్బా మీదే.

"కాదు సారు. అన్న కాలు." కుర్మయ్య వెనక్కి తిరిగి పగలబడి నవ్వాడు. "ఏమన్నా, దునియకు పాఠాలు చెప్తివి, నువ్వు క్లచ్ మీద కాలు పెట్టి పండుకుంటున్నవా? నీ కాలే తిన్నది బేరింగును."

వెనక సీట్లో అంజిలయ్య ఒక్క క్షణం వెన్నెల వైపు చూశాడు.

"పాత అలవాటు," అన్నాడు.

అందరూ నవ్వారు. వెన్నెల నవ్వలేకపోయింది. నలభై ఏళ్ల డ్రైవర్ తన నోటితోనే తాను మొద్దు డ్రైవర్‌నని ఒప్పుకున్నాడు. ఇంకొకటి దాచుకోవడానికి ఇది ఇచ్చేశాడు. ఆ మాట ఆయనకు ఎంత ఖరీదో ఆ బండిలో ఆమెకొక్కదానికే తెలుసు.

శ్రవణ్ సెల్లు తీసి మెహదీపట్నం మనిషికి చేశాడు.

"అన్నా, వాపస్ పోండ్రి. బండి ఇస్తలేం. లేదన్నా, గుస్స కావద్దు. ఇండికా తరువాత చూసుకుంట." ఫోను పెట్టేసి తండ్రి వైపు తిరిగాడు. మూడు రోజుల తరువాత మొదటి మాట. "బాపు. నీ చెవులు మంచిగనే ఉన్నయి."

"నాకు తెల్సు," అన్నాడు అంజిలయ్య.

శ్రవణ్ తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. భావనారాయణగారు కిటికీలోంచి పక్కకు చూశారు. పెద్దమనిషి, ఆయనకు కళ్లు చెమర్చాయి.

కుర్మయ్య బండి రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తాడు, కింద దూరి చూశాడు, మళ్లీ లేచాడు. అంజిలయ్య దిగి బండి చుట్టూ తిరిగాడు, ఒక్కో చక్రాన్ని చేత్తో తడుతూ. ఎవరి కాళ్లకూ చెప్పులు లేవు. అది ఏదో ఫాంహౌసు గోడ కట్టిన చోటు, కంకర, గాజు పెంకులు నేల నిండా ఉన్నాయి. అందరూ చూసి చూసి అడుగులు వేస్తున్నారు. కుర్మయ్య అయితే కాకిలా గెంతుతున్నాడు. అంజిలయ్య మాత్రం హాయిగా నడిచాడు.

ఇంటికి చేరేసరికి నాలుగు కావడానికి పది నిమిషాలుంది. గేటు బయటే బండి ఆపి కుర్మయ్య తాళం తీసి వెన్నెల చేతిలో వేశాడు. "పట్టుకున్నది నువ్వు, నీ దగ్గరనే ఉండాలె," అన్నాడు. ఎంకమ్మ అప్పుడే గచ్చు కడిగి ఉంది. సంగతి విని, నిమ్మకాయల వల్లే దొరికిందని అందరికీ వినబడేలా చెప్పి, పొయ్యి మీద చాయ్ పెట్టడానికి పోయింది.

"ఆదివారం చూడాలె ఇగ," అన్నాడు శ్రవణ్. అతనికి నిలబడాలని లేదు, వాకిలంతా తిరుగుతున్నాడు. "బాపుకు తెల్ల అంగీ, తెల్ల పాయింటు. బండికి బంతిపూలు. సారు కొడుకు, కోడలు వెనక. ఫాంహౌసు పెండ్లిళ్లు ఎన్ని అయితున్నయి ఇటు దిక్కు. ప్రతి పెండ్లికి ఇదే బండి, బాపే డ్రైవర్."

"ఆదివారం బండి నేను నడుపుత," అంది వెన్నెల.

శ్రవణ్ నవ్వాడు.

"నువ్వా?"

"నేనే."

"గదేంది మాట?" వంటింటి గడపలోంచి ఎంకమ్మ అంది. "మూడు దినాల సంది ఆయన అన్నం సుత సరిగ తింటలేడు ఆ బండి కోసం. ఇయ్యాల దొర్కింది. దొర్కంగనే నీకు కావాల్నా?"

"నాకు కావాలని కాదత్తా."

"మరి ఎందుకు?"

వెన్నెల మామ వైపు చూసింది. ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చెప్పకు అన్న మాట ఇంకా ఆ కళ్లలోనే ఉంది. ఆదివారం వెనక సీట్లో కూర్చునే ఇద్దరు కొత్త పిల్లలు ఆమెకు కనిపించారు. కాన్పుకు పోతున్న ఆడవాళ్లు కనిపించారు. బ్రేకు మీద కాలున్నదో లేదో చూసుకోవాల్సిన మనిషి కనిపించాడు. ఇవాళ ఎడమకాలు, రేపు కుడికాలు. ఎలా చెప్పాలి? చెప్పకుండా తాళం ఎలా ఇవ్వాలి?

"సారు అడిగింది బాపును," అన్నాడు శ్రవణ్. అతని గొంతులో నవ్వు పోయింది. "నీకేమైందే? బాపుది బాపుకు ఇయ్యి."

"ఇయ్య."

భావనారాయణగారు ఇబ్బందిగా సాక్సుల కోసం వెతుక్కున్నారు.

"వెన్నెలా." అంజిలయ్య గొంతులో కోపం లేదు. అంతకంటే కష్టమైనదేదో ఉంది. "నేను చెప్పిన గదా బిడ్డా. తాళం ఇటియ్యి."

గేటు దగ్గరనుంచి నడుచుకుంటూ వచ్చాడు. తలెత్తుకుని, నిదానంగా, వాకిలి మధ్యదాకా వచ్చి ఆమె ముందు చెయ్యి చాపి నిలబడ్డాడు. వెన్నెల గుప్పిట్లో తాళం వేడెక్కింది. ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా వదులవుతున్నాయి.

"ఆగు," అంది ఎంకమ్మ.

ఆమె చూస్తున్నది తాళాన్ని కాదు. ఇప్పుడే కడిగిన గచ్చు మీద, గేటునుంచి వాకిలి మధ్యదాకా, ఒకటి విడిచి ఒకటి, ఎర్రటి అడుగులు పడి ఉన్నాయి. ఒక పక్కవే. ఎడమకాలివే. ఆయన నిలబడిన చోట చిన్న మడుగు కడుతోంది.

"ఏమయ్యో," అంది ఆమె. "ఏం గుచ్చుకున్నది నీ కాలికి?"

అంజిలయ్య కిందికి చూశాడు. వెన్నెల భుజానికి చెయ్యి ఆనించి, వంగి, ఏదైనా గుచ్చుకుంటే తెలిసే కుడికాలినే ఎత్తి చూసుకున్నాడు.